తెరవని స్టేడియానికి జవాబుదారీ ఎవరు? టోటెన్‌హామ్ ఆలస్యం మీద ఒక కేస్ స్టడీ

ఉత్తర లండన్‌లోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ క్లబ్ 2018 ఆగస్టు 13న ఒక ప్రకటన ఇచ్చింది. సెప్టెంబరు 15న లివర్‌పూల్‌తో మ్యాచ్‌కు తెరుచుకోవలసిన కొత్త స్టేడియం ఆ రోజుకు సిద్ధం కాదు. పరీక్షలు జరుపుతుండగా, ప్రేక్షకుల భద్రతకు కీలకమైన వ్యవస్థల్లోనే లోపాలు బయటపడ్డాయి. కాబట్టి లివర్‌పూల్ మ్యాచ్, అక్టోబరు 6న కార్డిఫ్‌తో మ్యాచ్ లండన్‌లోని మరో స్టేడియం వెంబ్లీలోనే ఆడతారు. అక్టోబరు 14న జరగవలసిన అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ కూడా అక్కడికే వెళ్తుంది. మొదట కొన్ని వారాల ఆలస్యంలా కనిపించినది నెలలకు సాగింది. ఆ స్టేడియంలో తొలి లీగ్ మ్యాచ్ జరిగింది 2019 ఏప్రిల్ 3న.

ఫైర్ అలారం, స్పీకర్లలో మాటలతో హెచ్చరించే వాయిస్ అలారం వ్యవస్థలను పరీక్షించి అప్పగించడం నా వృత్తి. ఆ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. పదిమందికీ తెలిసిన వివరాలనే తీసుకుని మా పనివాళ్ల కంటితో చూస్తున్నాను. శిక్షణకు వచ్చే కుర్రాళ్లకు ఈ కేసునే ఎక్కువగా చెబుతాను. కారణం, ఈ లోపాల వల్ల ప్రేక్షకుల్లో ఎవరికీ ఏమీ కాలేదు. ప్రాణాలు పోయిన కేసులో తప్పు ఎవరిదో మనసులో ముందే తేల్చేసుకుని వింటారు. ఇక్కడ పోయింది డబ్బు, పరువు, అభిమానుల ఓపిక. అందువల్ల బాధ్యత ఎక్కడ మొదలైందో నింపాదిగా వెతకవచ్చు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఆగస్టు 13న "తెరవం" అన్నవాళ్లను నిలదీయడం దండగ. సెప్టెంబరు 15 అనే తేదీని ఏ ఆధారంతో ప్రకటించారని అడగాలి.

తేదీ ఎలా పుట్టింది

క్లబ్ పాత స్టేడియం వైట్ హార్ట్ లేన్‌లో చివరి మ్యాచ్ 2017 మే 14న, మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగింది. కొత్త కట్టడం అప్పటికే పాత మైదానాన్ని ఆనుకుని లేస్తోంది. అందుకోసం పాతదాని ఒక మూలను ముందే కూల్చారు కూడా. చివరి మ్యాచ్ అయిన వెంటనే మిగతాది నేలమట్టం చేసి, 2017-18 సీజన్ వెంబ్లీలో గడిపి, మరుసటి సీజన్‌కు సొంతింటికి రావాలన్నది పథకం. అంటే కూల్చివేత మొదలైన పదహారు నెలలకు ప్రేక్షకులు లోపల ఉండాలి.

కట్టేది ఏమైనా చిన్నదా అంటే, 62 వేల సీట్లు. ఒక్క దక్షిణ స్టాండ్‌లోనే ఒకే వాలుగా 17,500. పచ్చిక మైదానం మూడు ముక్కలై ఆ స్టాండ్ కిందికి జరిగిపోతే అడుగున అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కృత్రిమ గడ్డి కనిపిస్తుంది. లోపలే బీరు తయారీ, 65 మీటర్ల బార్ కౌంటరు, లెక్కకు మించిన వంటశాలలు. వాస్తుశిల్పులు ఇలాంటివాటిని గొప్పగా చూపిస్తారు. మాకు మాత్రం వీటిలో ప్రతి ఒక్కటీ అలారం ప్యానెల్‌లో ఇంకో పేజీ.

ఇంత పనికి అంత గడువు చాలదని నేను అనను. తొందరగా కట్టినవీ ఉన్నాయి. చిక్కంతా వేరేచోట ఉంది. గడువు బిగుసుకున్నప్పుడల్లా కోత పడేది కాంక్రీటుకూ కాదు, ఉక్కుకూ కాదు. వాటి తర్వాత, వరుసలో చివరన ఉండే పరీక్షలకు. పైకప్పు మూడు వారాలు ఆలస్యమైతే షెడ్యూలులో ప్రారంభ తేదీ కదలదు, పరీక్షల సమయం మూడు వారాలు తగ్గుతుంది. కార్యక్రమ పట్టికలో ఆ కోత ఎర్రగా కనిపించదు. ఎవరి సంతకమూ అక్కరలేకుండానే జరిగిపోతుంది.

ఒక అడ్డువరస

స్టేడియంలో అగ్నిప్రమాద హెచ్చరిక అంటే గంట మోగించడం కాదు. అరవై వేలమంది కూర్చున్నచోట ఒక్కసారిగా గంట మోగితే మంటకన్నా ముందు తొక్కిసలాట చంపుతుంది. అందుకే ఏ డిటెక్టర్ పలికితే ఎక్కడ, ఏ క్రమంలో, ఎన్ని క్షణాల తేడాతో ఏం జరగాలో ఒక పెద్ద పట్టికలో రాసుకుంటాం. దాన్ని కాజ్ అండ్ ఎఫెక్ట్ షీటు అంటాం. నిలువు వరుసల్లో పరికరాలు, అడ్డువరసల్లో కారణాలు.

ఉదాహరణకు ఒక అడ్డువరస తీసుకుందాం. స్టాండ్ కింద ఒక వంటశాలలో వేడిని పసిగట్టే డిటెక్టర్ పలికింది. మొదట కంట్రోల్ రూమ్ తెర మీద ఆ గది పేరు వెలగాలి. సిబ్బందికి మాత్రమే అర్థమయ్యే సంకేత ప్రకటన స్పీకర్లలో వినిపించాలి. ప్రేక్షకుడికి అది మామూలు ప్రకటనలా అనిపించాలి. దగ్గరలోని స్టీవార్డు, అంటే ప్రేక్షకులను చూసుకునే సిబ్బందిలో ఒకరు, వెళ్లి చూసి నిర్ధారించడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఈలోగా ఆ వంటశాలకు గ్యాస్ ఆగిపోవాలి. వ్యవధి దాటినా, రెండో డిటెక్టర్ పలికినా ఆ జోన్‌లో తరలింపు ప్రకటన మొదలవ్వాలి. కార్డు చూపిస్తేనే తెరుచుకునే తలుపులన్నీ వాటంతట అవే విడుదల కావాలి. లిఫ్టులు నిర్ణయించిన అంతస్తుకు వెళ్లి తలుపులు తెరిచి ఆగిపోవాలి. మంటను ఆపే షట్టర్లు దిగాలి, పొగను లాగే ఫ్యాన్లు తిరగాలి. బార్‌లో పాటలు, పెద్ద తెర మీద ప్రకటనల ధ్వని ఆగిపోవాలి, లేకపోతే తరలింపు ప్రకటన ఎవరికీ వినపడదు. ఇదే క్రమం మెయిన్ కరెంటు పోయి బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా తప్పకుండా జరగాలి.

ఇది ఒక్క వరస. స్టేడియానికి ఇలాంటివి వందలు ఉంటాయి.

ఆగస్టు ప్రకటనలో ఏ సర్క్యూట్‌లో ఏ లోపమో చెప్పలేదు. పత్రికలు మాత్రం విద్యుత్ వైరింగ్ వైపు వేలు చూపించాయి. వైరింగ్ అన్న మాట వినగానే మా రంగంలో ఎవరికైనా గుండె జారుతుంది. డిటెక్టర్ చెడిపోతే మార్చేస్తాం. సాఫ్ట్‌వేర్ తప్పయితే రాత్రికి రాత్రి సరిచేసి మళ్లీ పరీక్షిస్తాం. కేబుల్‌లో తప్పుంటే దాన్ని కప్పిన సీలింగు విప్పాలి, సరిచేయాలి, ఆ లూపు, అంటే పరికరాలను కలిపే కేబుల్ చుట్టు, మొత్తాన్ని మళ్లీ కొలవాలి, ఆ లూపు మీద ఆధారపడ్డ ప్రతి అడ్డువరసనూ మళ్లీ నడపాలి. అది పనిలో సగమే. ఒక కొలత కాగితం మీద ఒకలా, గోడలో మరోలా ఉందని తేలితే, ఆ మనిషి, ఆ బృందం సంతకం పెట్టిన కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. అక్కడి నుంచి మీరు కేబుళ్లను కాదు, రికార్డును మరమ్మతు చేస్తుంటారు. వారాలు అనుకున్నది నెలలయ్యేది ఇక్కడే.

ఆలస్యం ఖరీదు మైదానంలో కూడా కనిపించింది. సెప్టెంబరు 26న లీగ్ కప్‌లో వాట్‌ఫర్డ్‌తో "సొంతగడ్డ" మ్యాచ్‌ను వేరే ఊరు మిల్టన్ కీన్స్‌లో ఆడవలసి వచ్చింది. వెంబ్లీ కూడా ఖాళీ లేదు మరి. అక్టోబరు 29న మాంచెస్టర్ సిటీతో వెంబ్లీలో ఆడినప్పుడైతే, ముందురోజే అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ జరిగింది. గడ్డి చింపిరిగా ఉంది, యార్డు గీతలు, మధ్యలో లోగో మరకలు చెరగలేదు. ఆ రెండు జట్లూ అప్పట్లో దేశంలో మేటి జట్లు. టీవీలో ఆ మైదానం చూసినవాళ్లకు వేరే నివేదిక అక్కరలేదు.

వేలు ఎటు చూపాలి

ఇలాంటప్పుడు నింద కిందికి జారుతుంది. ఇక్కడా అదే జరిగింది. సైట్‌లో కార్మికుల క్రమశిక్షణ గురించి కథనాలు వచ్చాయి. అవి నిజమో కాదో పక్కన పెడదాం. కార్మికుడు తప్పుగా బిగించిన తీగను పట్టుకోవడానికే కదా పర్యవేక్షకుడు, అతని మీద తనిఖీదారు, ఆపై పరీక్షలు, అప్పగింత చూసే కమిషనింగ్ మేనేజర్ ఉన్నది? తప్పు ఆగస్టులో దొరికిందంటే, మేలోనో జూన్‌లోనో దొరకవలసిన తనిఖీలు ఏమయ్యాయన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న ఎలక్ట్రీషియన్‌ను అడిగేది కాదు.

తర్వాతి పేరు మేస్. నిర్మాణాన్ని నడిపించిన సంస్థ అదే. అయితే ఆ సంస్థ పాత్ర కన్‌స్ట్రక్షన్ మేనేజర్‌ది. ఈ పద్ధతి మన దగ్గర పెద్దగా వాడుకలో లేదు గనుక కొంచెం చెప్పాలి. మామూలుగా ఒకే ప్రధాన కాంట్రాక్టరు మొత్తం పనికి ధర చెప్పి, కింది కాంట్రాక్టర్లను తానే పెట్టుకుని, ఆలస్యమైతే తానే జరిమానా కడతాడు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో విద్యుత్, ఉక్కు, లిఫ్టులు, ఇలా ఒక్కో పనికి యజమానే నేరుగా ఒప్పందం చేసుకుంటాడు. మేనేజరు ఫీజు తీసుకుని వాళ్లందరినీ సమన్వయం చేస్తాడు. డిజైను పూర్తికాకముందే పని మొదలుపెట్టవచ్చు, మధ్యలో మార్పులు చేసుకోవచ్చు. వేగం కావలసినవాళ్లు దీన్నే ఎంచుకుంటారు. ఆ వేగానికి వెల ఏమిటంటే, ఇద్దరు కాంట్రాక్టర్ల పనులు కలిసే అతుకు దగ్గర తేడా వస్తే ఆ నష్టం చాలావరకు యజమానిదే. భద్రతా వ్యవస్థలన్నీ అతుకులే. అలారం ఒకరిది, తలుపులు ఒకరివి, ఫ్యాన్లు ఇంకొకరివి. ఎవరి పరికరం వారి చేతిలో బాగానే పనిచేస్తుంది. కలిపి నడిపినప్పుడే రంగు బయటపడుతుంది.

కాబట్టి ఈ కేసులో జవాబుదారీ నిచ్చెన ఎక్కుతూ పోతే చేరేది క్లబ్ యాజమాన్యం దగ్గరికే. తేదీ వాళ్లది, పద్ధతి వాళ్లు ఎంచుకున్నది, సీజన్ టికెట్లు అమ్మిందీ వాళ్లే. అప్పటి చైర్మన్ డేనియల్ లెవీ పేరు మీద వచ్చిన మాటల్లో భద్రత విషయంలో రాజీపడలేమని ఉంది. అది నిజాయతీగల మాటే, సరైన నిర్ణయం కూడా. కానీ ఆ నిర్ణయం సరైనదని ఒప్పుకోవడానికీ, అలాంటి నిర్ణయం అవసరపడే స్థితి ఎందుకొచ్చిందని అడగడానికీ పోటీ లేదు. అభిమానులు ఈ రెంటినీ కలిపేసి తిట్టారు, క్లబ్ రెంటినీ కలిపేసి సమర్థించుకుంది.

నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఆ తర్వాతి నెలల మీద ఉంది. కొత్త తేదీ ఒకేసారి చెప్పలేదు. వెంబ్లీలో మరికొన్ని మ్యాచ్‌లు, ఆ తర్వాత మరికొన్ని అంటూ విడతలుగా వచ్చింది. లోపం లోతు తెలియనప్పుడు తేదీ చెప్పలేకపోవడం సహజమే, ఒప్పుకుంటాను. అయితే తేదీ బదులు దశ చెప్పవచ్చు. ఎన్ని జోన్లు పరీక్షించాం, ఎన్ని పాసయ్యాయి, ఎన్ని మిగిలాయి అని నెలకోసారి ఒక్క పేజీ వేస్తే వదంతులకు చోటుండదు. పైగా ఆ పేజీ వేయవలసి వస్తుందని తెలిసిన మేనేజరు లెక్కలు సరిగ్గా పెట్టుకుంటాడు.

కాదనే అధికారం

ఈ కథలో సరిగ్గా పనిచేసిన భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బ్రిటన్‌లో క్లబ్ తనంతట తాను స్టేడియం తెరవలేదు. 1975 నాటి క్రీడా మైదానాల భద్రతా చట్టం ప్రకారం స్థానిక మండలి ఇచ్చే భద్రతా ధ్రువపత్రం ఉండాలి. ఇక్కడ ఆ మండలి హారింగే. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు విభాగాలు కూర్చున్న సలహా బృందం దానికి తోడుంటుంది. దాని పైన దేశవ్యాప్త పర్యవేక్షణకు క్రీడా మైదానాల భద్రతా సంస్థ. ధ్రువపత్రంలో రాసినదానికి మించి జనాన్ని లోపలికి పంపితే అది నేరం.

ఆ చట్టం ఊరికే రాలేదు. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది నలిగి చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన నివేదిక నుంచి పుట్టిందది. అయినా 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ ఫుట్‌బాల్ మైదానంలో పాత చెక్క స్టాండ్ తగలబడి 56 మంది పోయారు. స్టాండ్ కింద పేరుకున్న చెత్త ప్రమాదమని కౌంటీ మండలి నుంచి ఏడాది ముందే ఉత్తరం వెళ్లింది. కొత్త పైకప్పుకు కావలసిన ఉక్కు కూడా వచ్చి పడి ఉంది, ఆ సీజన్ చివరి మ్యాచ్ అయ్యాక పని మొదలుపెడదామనుకున్నారు. ఆ చివరి మ్యాచ్‌లోనే మంట లేచింది. 1987లో సివిల్ కోర్టు బాధ్యతను మూడింట రెండు వంతులు క్లబ్ మీద, ఒక వంతు మండలి మీద వేసింది. మండలి తప్పేమిటి? ప్రమాదమని తెలిసీ, ఉత్తరం రాసి ఊరుకుంది. కాదనే అధికారం ఉన్నవాడు కాదనకపోతే వాటా కట్టవలసిందేనని ఆ తీర్పు చెప్పింది. 2018లో హారింగే అధికారుల బల్ల మీద ఉన్న కాగితాల వెనుక ఇదంతా ఉంది. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అపార్ట్‌మెంట్లలో 72 మందిని బలిగొన్న మంట అప్పటికి ఏడాది కిందటి మాటే.

టోటెన్‌హామ్ చివరికి వెళ్లిన దారి చూడండి. 2019 మార్చి 24న కుర్రాళ్ల జట్ల మ్యాచ్, 30 వేలమందికి మించకుండా. మార్చి 30న మాజీ ఆటగాళ్ల మ్యాచ్, 45 వేల వరకు. ఈ రెండూ గడిచాకే ఏప్రిల్ 3న క్రిస్టల్ ప్యాలెస్‌తో అసలు మ్యాచ్. మొదటి గోలు సన్ హ్యూంగ్ మిన్ కొట్టాడు. నెలల తరబడి వేచిన అభిమానులకు అదే జ్ఞాపకం ఉండిపోయింది, అది న్యాయమే. మా వృత్తిలో వాళ్లం ఆ ముందు రెండు మ్యాచ్‌లను గుర్తుపెట్టుకుంటాం.

కోర్టుకెక్కిన ఆలస్యం, రాజీనామా చేసిన ఆలస్యం

జవాబుదారీ అంటే కోర్టే అనుకునేవాళ్లకు అదే నగరంలో వెంబ్లీ ఉంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 2006 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అక్కడ కడుతున్న కొత్త స్టేడియంలో జరగాలి. వేల్స్‌లోని కార్డిఫ్ నగరానికి తరలిపోయింది. ఆ మార్చిలో పైకప్పు ఉక్కు దూలం ఒకటి జారడంతో కార్మికులను బయటికి పంపించేశారు. నేల కింద మురుగు గొట్టాలు వంగిపోయిన గొడవ వేరే. 2007 మార్చిలో తెరుచుకునేలోపే దావాలు మొదలయ్యాయి. నిర్మాణ సంస్థ మల్టిప్లెక్స్, ఉక్కు పని చేసిన క్లీవ్‌ల్యాండ్ బ్రిడ్జ్ మధ్య వివాదం సంవత్సరాల తరబడి నడిచింది. 2008 తీర్పులో తేలిన మొత్తం సుమారు 60 లక్షల పౌండ్లు. ఇరుపక్షాలూ లాయర్లకూ ఇతరత్రా పెట్టిన ఖర్చు సుమారు 2 కోట్ల 20 లక్షలు. అందులో ఫోటోకాపీలకే సుమారు 10 లక్షల పౌండ్లు. దూలం ఎందుకు జారిందో తెలుసుకోవాలనుకున్న ఇంజినీరుకు ఆ పది లక్షల పౌండ్ల కాగితాల్లో దక్కింది ఎంతో మీరే ఊహించుకోండి.

2024లో మాంచెస్టర్‌లోని కో-ఆప్ లైవ్ ఇంకో రకం. అది క్రీడా మైదానం కాదు, కచేరీల అరీనా. ప్రారంభం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. ఏప్రిల్ 25న జనరల్ మేనేజర్ రాజీనామా వార్త వచ్చింది. వాయిదాలతోపాటు చిన్న సంగీత వేదికల గురించి ఆయన అన్న మాటలు కూడా అప్పటికే దుమారం రేపాయి. ఏమైతేనేం, ఒకరు వెళ్లిపోయారు, బాధ్యత తీరిందనిపించింది. మే 1న, ప్రేక్షకులు బయట వరుసలో నిలబడి ఉండగా, లోపల గాలి సరఫరా వ్యవస్థ భాగం ఒకటి ఊడి కిందపడింది. మేనేజరు వెళ్లిపోతే కప్పుకు బిగించిన మరలు గట్టిపడవు కదా! మే 14న ఎలాగో తెరిచారు.

మన వైపు

హైదరాబాద్‌లో ఒక పెద్ద వాణిజ్య భవనంలో పనిచేసినప్పుడు చూసినది చెబుతాను. ప్రారంభోత్సవం ఫ్లెక్సీలు రోడ్డంతా కట్టేశాక మాకు పరీక్షలకు భవనం అప్పగించారు. వాయిస్ అలారం సగం అంతస్తుల్లో పలకలేదు. మా నివేదికలో "విఫలం" అని రాస్తే దాన్ని "పురోగతిలో ఉంది" అని మార్చమన్నారు. మార్చలేదు. భవనం మాత్రం ఆ రోజే తెరుచుకుంది, పలకని అంతస్తులతో సహా. అక్కడ ఎవరినీ తప్పుపట్టే అవకాశమే లేదు, ఎందుకంటే ఆలస్యమే జరగలేదు!

మన రాష్ట్రాల్లో 1999 నాటి అగ్నిమాపక చట్టం ఉంది, నిరభ్యంతర పత్రం ఉంది, జాతీయ భవన నిర్మాణ నియమావళి ఉంది. లేనిది తేదీకీ పరీక్షకూ మధ్య ముడి. ముహూర్తం పెట్టేవాళ్లు ఒకరు, పరీక్షించేవాళ్లు మరొకరు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోరు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలకు రెండు వారాలు కూడా లేనప్పుడు జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం పక్కన పాదచారుల వంతెన కూలి కార్మికులు గాయపడ్డారు. క్రీడల తేదీ మాత్రం కదలలేదు.

అందుకే ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా యజమానిని ముందే కొన్ని అడుగుతాను. పరీక్షల వారాలు షెడ్యూలులో విడి పద్దుగా ఉండాలి. వాటిని తగ్గించాలంటే యజమాని తరఫున ఒక మనిషి తన పేరు పెట్టి రాతపూర్వకంగా తగ్గించాలి, కారణంతో. అన్ని వ్యవస్థలనూ కలిపి నడిపే పరీక్షకు ఒకే ఒక బాధ్యుడు ఉండాలి, ఎవరి పరికరమైనా సరే. విఫలమైన ఫలితం అదే వారం యజమాని బల్ల మీదికి చేరాలి, మధ్యలో ఎవరూ దాన్ని మెత్తబరచకూడదు. ఇక అన్నిటికన్నా బేరం ఎక్కువ జరిగే షరతు: కలిపి నడిపే పరీక్ష కనీసం ఒక్కసారి పాసయ్యేదాకా ప్రారంభ తేదీని బయటికి చెప్పకూడదు, టికెట్ అమ్మకూడదు. ఒప్పుకునే యజమానులు తక్కువే. ఒప్పుకున్నచోట ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్లేముందు మాకు ఫోను వస్తుంది.